నిర్ణయం అయ్యాక నిద్ర పట్టాలంటే

అందరికీ నమస్కారం. నిర్వాహకులు నన్ను పిలిచినప్పుడు 'సరైన నిర్ణయాలు తీసుకోవడం ఎలా' అనే అంశం మీద మాట్లాడమన్నారు. నేను ఒప్పుకుంటూనే దాన్ని కొంచెం పక్కకి జరిపాను. సరైన నిర్ణయం ఎలా తీసుకోవాలో చెప్పేవాళ్ళకి కొదవ లేదు. తీసుకున్న తర్వాత, అర్ధరాత్రి మెలకువ వచ్చి, 'అలా కాకుండా ఇలా చేసి ఉంటే' అని లెక్కలు వేసుకుంటూ పడుకునే మనిషి గురించి మాత్రం తక్కువ మాట్లాడతాం. ఉద్యోగం మారినవాళ్ళు, మారనివాళ్ళు. పెళ్ళికి సరే అన్నవాళ్ళు, వద్దన్నవాళ్ళు. తల్లికో తండ్రికో ఆపరేషన్ చేయించినవాళ్ళు, ఈ వయసులో వద్దులే అని ఇంటికి తీసుకొచ్చేసినవాళ్ళు. ఎటు వెళ్ళినా ఆ అర్ధరాత్రి లెక్కలు తప్పడం లేదు. అంటే గొడవ మొత్తం ఎటు వెళ్ళామన్న దాంట్లో లేదన్నమాట.

ఒక ఉత్తరం సంగతి చెప్తాను. 1772లో ఇంగ్లండ్‌లోని లీడ్స్ పట్టణంలో జోసెఫ్ ప్రీస్ట్లీ అనే మతబోధకుడు ఉండేవాడు. సైన్సు ప్రయోగాల పిచ్చి కూడా ఉండేది. లార్డ్ షెల్‌బర్న్ అనే ప్రభువు, 'నా దగ్గరికి వచ్చి గ్రంథాలయం చూసుకో, పిల్లల చదువు గమనించు' అని కబురు పెట్టాడు. వెళ్ళాలా, ఉన్నచోటే ఉండాలా? ఎటూ తేల్చుకోలేక, అప్పట్లో లండన్‌లో ఉన్న స్నేహితుడు బెంజమిన్ ఫ్రాంక్లిన్‌ని సలహా అడిగాడు. ఫ్రాంక్లిన్ సెప్టెంబరులో జవాబు రాశాడు. ఏం చెయ్యాలో చెప్పడానికి సరిపడా వివరాలు నా దగ్గర లేవు, కావాలంటే ఎలా తేల్చుకోవాలో చెప్తాను అన్నాడు. ఈ ఒక్క మాటకే ఆయనకి దండం పెట్టాలి. ఎవరైనా సలహా అడగ్గానే 'నేనే నీ స్థానంలో ఉంటేనా' అని మొదలుపెట్టేస్తాం మనం. (నవ్వులు)

ఆయన చెప్పిన పద్ధతి మీ అందరికీ తెలిసే ఉంటుంది. కాగితం మధ్యలో ఒక గీత గియ్యి. ఒకవైపు అనుకూలం, ఒకవైపు ప్రతికూలం. మూడు నాలుగు రోజుల పాటు తోచినవి తోచినట్టు రాసుకుంటూ పో. తర్వాత దేని బరువు ఎంతో అంచనా వేసుకో. ఇటొకటి అటొకటి సమానంగా ఉన్నాయనిపిస్తే రెండూ కొట్టేయ్. ఇటు ఒకటి, అటు రెండూ కలిపితే సరిపోయాయా, మూడూ కొట్టేయ్. మిగిలింది ఎటు ఉంటే అటు. ఇంతవరకూ అందరూ చెప్తారు. ఆ ఉత్తరంలో ఎవరూ పెద్దగా పట్టించుకోని మాట దీని తర్వాత ఉంది. ఇంకో ఒకటి రెండు రోజులు ఆలోచించినా రెండు వైపులా ముఖ్యమైన కొత్త విషయం ఏదీ తట్టకపోతే, ఇక తేల్చేస్తాను అంటాడు.

ముఖ్యమైన కొత్త విషయం. నేనివాళ చెప్పదలుచుకున్నదంతా దాదాపు ఈ మాటలోనే ఉంది. అర్ధరాత్రి మనం చేసే ఆలోచన చూడండి. అందులో కొత్త విషయం ఏమీ ఉండదు. నిరుడు తెలిసిన సంగతులే, అదే వరసలో, అదే ముగింపుతో తిరుగుతుంటాయి. చూడ్డానికి ఆలోచనలాగే ఉంటుంది, బాధ్యతగా ఉన్నట్టు కూడా అనిపిస్తుంది. కానీ కాగితం మీద కొత్త పద్దు ఒక్కటి కూడా చేరదు. కొత్త సంగతి తెలిస్తే నిర్ణయాన్ని మళ్ళీ తెరవాల్సిందే. మూడ్ బాగోలేదని తెరవక్కర్లేదు.

ప్రీస్ట్లీ ఏం చేశాడంటే, వెళ్ళాడు. 1773లో చేరాడు. ఆ ప్రభువుగారి కొలువులో ఉండగానే, 1774లో, ఇవాళ మనం ఆక్సిజన్ అంటున్న వాయువుని వేరుచేసి చూపించాడు. చూడండి, ఆక్సిజన్ అనగానే ముందు వరసలో ఇద్దరు ముగ్గురు తలలూపారు, ఆహా మంచి నిర్ణయం అన్నట్టు. కాగితం మీద గీత గీసుకుంటున్న రోజున ఆ మనిషికి ఆక్సిజన్ సంగతి తెలియదు కదా? 1780లో ఆయనా ప్రభువూ విడిపోయారు. ఆ సంగతీ తెలియదు. మరి మీరు దేన్ని చూసి తలూపారు?

మనందరికీ ఉన్న అలవాటే ఇది. దీన్ని పరీక్షించి చూసినవాళ్ళు ఉన్నారు. 1988లో జోనథన్ బేరన్, జాన్ హర్షీ అనే ఇద్దరు ఒక అధ్యయనం ప్రచురించారు. అందులో ఒక కథ ఇచ్చారు. 55 ఏళ్ళ మనిషి, గుండె జబ్బు. బైపాస్ చేస్తే నొప్పి తగ్గుతుంది, ఆయుష్షు కొన్నేళ్ళు పెరుగుతుంది. కానీ ఆ ఆపరేషన్‌లోనే 8 శాతం మంది చనిపోతారు. డాక్టరు చేద్దామనే నిర్ణయించాడు. ఇదే కథని కొందరికి 'ఆపరేషన్ విజయవంతమైంది' అని ముగించి ఇచ్చారు, కొందరికి 'రోగి చనిపోయాడు' అని ముగించి ఇచ్చారు. డాక్టరుకి తెలిసిన వివరాలన్నీ చదివేవాళ్ళకీ ఇచ్చేశారు, దాచిందేమీ లేదు. ఫలితాన్ని కాదు, డాక్టరు తీసుకున్న నిర్ణయం ఎంత మంచిదో చెప్పండి అన్నారు. రోగి చనిపోయాడని చదివినవాళ్ళు ఆ నిర్ణయానికి తక్కువ మార్కులు వేశారు. అదే డాక్టరు, అదే రోగి, అదే 8 శాతం.

ఇక్కడ కొంచెంసేపు ఆగుతాను. నాతో విడిగా మాట్లాడడానికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది మోసే బరువు ఇదే. 'మా నాన్నకి ఆపరేషన్ వద్దన్నా బతికేవాడేమో సార్, సంతకం పెట్టింది నేనే' అంటారు. వాళ్ళని నేను అడిగేది ఒకటే. సంతకం పెట్టే రోజున డాక్టరు మీకేం చెప్పాడు? 100 మందిలో 8 మంది పోతారని చెప్పాడనుకోండి. అంటే 92 మంది ఇంటికి వస్తారు. ఆ లెక్క చూసి ఒప్పుకున్నారు. మీ నాన్నగారు ఆ 8 మందిలో పడ్డారు. పడ్డారని ఆ లెక్క తప్పయిపోదు. అదే లెక్క చూసి అదే రోజు సంతకం పెట్టిన ఇంకో కొడుకు ఎక్కడో ఉంటాడు, వాళ్ళ నాన్న బతికాడు. ఆ కొడుకు మీకన్నా తెలివైనవాడా? మీకన్నా తండ్రి మీద ప్రేమ ఎక్కువా? దుఃఖం ఉంటుంది, ఉండాలి కూడా. తండ్రి పోయిన దుఃఖం వేరు, తండ్రిని నేనే చంపుకున్నాననే బాధ వేరు. రెండూ ఒకేసారి వస్తాయి కాబట్టి ఒకటేననిపిస్తాయి. మొదటిదాన్ని తీసెయ్యడం ఎవరి తరమూ కాదు. రెండోదానికి మాత్రం చాలాసార్లు ఆధారమే ఉండదు.

దీన్ని తిరగేసి కూడా చూడాలి, లేకపోతే మనకి అనుకూలమైన చోటే వాడుకుంటాం. తాగి బండి నడిపి క్షేమంగా ఇల్లు చేరినవాడు మంచి నిర్ణయం తీసుకున్నట్టా? వాడు హాయిగా నిద్రపోతాడు, ఆ నిద్ర వాడికి రాకూడదు. ఫలితం బాగుందని నిర్ణయం బాగున్నట్టు కాదు. మనం చేసిన అడ్డగోలు పనులు ఎన్ని అదృష్టం కొద్దీ గట్టెక్కాయో ఎప్పుడైనా లెక్కపెట్టుకుంటే, దెబ్బతిన్న ఒకటి రెండింటి దగ్గరే అంతగా కూర్చోబుద్ధి కాదు.

సరే, 'ఆ రోజు నాకు ఏం తెలుసో దాన్నిబట్టే చూడాలి' అనుకున్నాం. ఇక్కడో చిక్కుంది. ఆ రోజు మనకేం తెలుసో మనకే గుర్తుండదు. మర్చిపోతామని కాదు, మారిపోతుంది. 1972లో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ చైనాకీ, సోవియట్ యూనియన్‌కీ వెళ్ళాడు. ఆ పర్యటనలకి ముందు ఇజ్రాయెల్‌లో బరూచ్ ఫిషాఫ్, రూత్ బేత్ అనే పరిశోధకులు విద్యార్థులని అడిగారు. నిక్సన్ మావోని కలుస్తాడా, ఇలాంటివి జరిగే అవకాశం ఎంతో అంకెల్లో చెప్పమన్నారు. పర్యటనలు అయ్యాక, 'అప్పుడు మీరు ఎంతని రాశారో గుర్తు తెచ్చుకుని చెప్పండి' అన్నారు. జరిగాయని తెలిసిన వాటికి, తాము నిజంగా ఇచ్చినదానికన్నా ఎక్కువ అవకాశమే ఇచ్చామని చాలామంది గుర్తుచేసుకున్నారు. 1975లో ఇది అచ్చయింది. అబద్ధం ఆడలేదు వాళ్ళు. నిజంగానే అలా గుర్తుంది.

'నేను ముందే చెప్పాను' అనే బంధువు ప్రతి కుటుంబంలోనూ ఒకరు ఉంటారు కదా, (నవ్వులు) పాపం ఆయన కూడా చాలావరకు నిజాయితీగానే అంటాడు. ఆ బంధువుతో పెద్ద ప్రమాదం లేదు. మన లోపల కూర్చుని 'నీకు అప్పుడే అనుమానం వచ్చింది, అయినా వినలేదు' అని మాట్లాడేవాడితోనే ప్రమాదం. అప్పుడు వంద అనుమానాలు వచ్చి ఉంటాయి. వాటిలో నిజమైన ఒక్కటి ఇవాళ పెద్దగా కనిపిస్తుంది. నిజం కాని తొంభై తొమ్మిదీ ఆనవాలు లేకుండా పోయాయి.

అందుకే, నన్ను ఒక్క ఉపాయం చెప్పమంటే ఇది చెప్తాను. పెద్ద నిర్ణయం ఏదైనా తీసుకునే రోజున అర పేజీ రాసి పెట్టుకోండి. నాకు తెలిసింది ఇది, తెలియంది ఇది, భయం ఇది, అయినా ఇటు వెళ్తున్నాను, ఎందుకంటే ఇందుకు. తేదీ వెయ్యండి. ఎవరికీ చూపించక్కర్లేదు, ఫోన్లో రాసుకున్నా పర్లేదు. రెండేళ్ళ తర్వాత మనసు కోర్టు పెట్టినప్పుడు అది తీసి చదవండి. ఆ రోజు నిర్ణయం తీసుకున్న మనిషి మీరనుకున్నంత తెలివితక్కువవాడు కాదని చాలాసార్లు తెలుస్తుంది. ఒక్కోసారి, అవును, తొందరపడ్డాను, అడగాల్సింది అడగలేదు అని కూడా తెలుస్తుంది. మంచిదే. దేని గురించి బాధపడాలో అప్పుడు కచ్చితంగా తెలుస్తుంది, జీవితం మొత్తాన్ని తప్పు పట్టుకోవక్కర్లేదు.

ఇంకో సంగతి. తలుపు తెరిచి ఉంచుకోవడం గురించి. 'నచ్చకపోతే మార్చుకోవచ్చులే' అనేది మనకి బాగా ఇష్టమైన మాట. హార్వర్డ్‌లో డేనియల్ గిల్బర్ట్, జేన్ ఎబర్ట్ ఫొటోగ్రఫీ శిక్షణ పేరుతో ఒక ప్రయోగం చేశారు, 2002లో ప్రచురించారు. విద్యార్థులు ఫొటోలు తీశారు, నచ్చిన రెండింటిని తామే ప్రింటు వేసుకున్నారు. అప్పుడు, రెండింట్లో ఒకటే మీది, రెండోది ఇచ్చెయ్యాలి అన్నారు. కొందరికి ఇది ఆఖరు అన్నారు. కొందరికి, కొన్ని రోజుల లోపల మనసు మారితే మార్చుకోవచ్చు అన్నారు. చివరికి, మార్చుకునే వీలు లేనివాళ్ళకి తమ ఫొటో ఎక్కువ నచ్చింది. వీలున్నవాళ్ళకి తక్కువ నచ్చింది. నాకు ఇంకా ఆసక్తిగా అనిపించింది వేరే ఉంది. ముందుగానే, మార్చుకునే వీలున్న శిక్షణ కావాలా, లేనిది కావాలా అని అడిగితే ఎక్కువమంది వీలున్నదే కోరుకున్నారు. తమకి తక్కువ సంతోషం ఇచ్చేదాన్ని ఏరికోరి ఎంచుకున్నారన్నమాట.

ఎందుకలా? ఇక మారదు అని తెలిసిన దాంతో మనసు కాపురం చెయ్యడం మొదలుపెడుతుంది. అందులో బాగున్నవి వెతుక్కుంటుంది. మారొచ్చు అన్నంతసేపూ ఆ పని మొదలుపెట్టదు, బేరీజు వేస్తూనే ఉంటుంది. కొత్త ఉద్యోగంలో చేరి కూడా రోజూ వేరే ఉద్యోగాల ప్రకటనలు చూసే మనిషికి చేతిలో ఉన్న ఉద్యోగం ఎన్నటికీ నచ్చదు. ఉద్యోగం బాగోలేకపోవడం వల్లే కానక్కర్లేదు.

అలాగని, ఒకసారి అన్నాక మార్చుకోకూడదని నేననడం లేదు. కొట్టే మొగుడితో కాపురం చేసే ఆడపిల్లకి ఈ ఫొటోల కథ చెప్పి సర్దుకోమనేవాడు ఎవడైనా ఉంటే వాడు ఈ ప్రసంగం వినలేదనే లెక్క. మార్చుకోవాల్సినవి మార్చుకోవాలి. నేను వద్దనేది సగం తెరిచిన తలుపుని. ఒక తేదీ పెట్టుకోండి. ఆరు నెలల తర్వాత ఫలానా రోజున కూర్చుని చూస్తాను, ఆ మధ్యలో ముఖ్యమైన కొత్త సంగతి తెలిస్తే తప్ప తెరవను అనుకోండి. ఆ తేదీ వచ్చాక నిజాయితీగా చూడండి. మిగతా రోజులు మీవి.

అన్నిటికన్నా మంచిదే కావాలనుకోవడం గురించి ఒక్క మాట చెప్పి ముందుకెళ్తాను. 1978లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్న హెర్బర్ట్ సైమన్, ఉన్నవాటన్నిటిలోకీ మేలైనది వెతకడం మనిషికి సాధ్యం కాదనీ, మన అవసరానికి సరిపోయేది దొరకగానే ఆగడమే తెలివైన పద్ధతనీ 1950లలోనే చెప్పాడు. తర్వాత 2006లో షీనా అయ్యంగార్, రేచెల్ వెల్స్, బారీ ష్వార్ట్జ్ కలిసి, చదువు అయిపోయి ఉద్యోగాలు వెతుక్కుంటున్న పిల్లలని గమనించారు. అన్నిటికన్నా మంచిదే కావాలని వెతికినవాళ్ళకి జీతం 20 శాతం ఎక్కువ వచ్చింది. ఉద్యోగంతో తృప్తి మాత్రం వాళ్ళకే తక్కువ. ఆ 20 శాతం జీతాన్ని నేను తీసిపారెయ్యను, అది నిజమైన డబ్బు. అందులో తృప్తి కూడా కలిపి ఇస్తారని మాత్రం అనుకోవద్దు.

పశ్చాత్తాపం అసలు లేకపోతే బాగుంటుందని చాలామంది అనుకుంటారు. అలాంటి మనుషులు ఉన్నారు. కళ్ళకి పైభాగాన, మెదడు ముందువైపు ఒక చోట దెబ్బతిన్నవాళ్ళని 2004లో కొందరు శాస్త్రవేత్తలు పరిశీలించారు. పందెం ఆటలో, వదిలేసిన పందెం పెట్టి ఉంటే ఎంత వచ్చేదో చూపించినా వాళ్ళలో పశ్చాత్తాపం కనబడలేదు. మామూలువాళ్ళు ఆ బాధ పడి, మళ్ళీ పడకూడదని, తర్వాతి పందేల్లో జాగ్రత్తపడ్డారు. వీళ్ళు జాగ్రత్తపడలేదు. కాబట్టి బాధ ఊరికే రాలేదు, దానికో పని ఉంది. వచ్చి, పాఠం చెప్పి, వెళ్ళాలి. పాఠం అయిపోయాక కూడా కూర్చుంటేనే ఇబ్బంది.

ఇక ప్రశ్నలు తీసుకుందాం.

*(సభలో ఒక యువకుడు: సార్, మీరు తీసుకున్న తర్వాత సంగతి చెప్పారు. నేను తీసుకోలేకనే చస్తున్నాను. ఏడాదిగా ఒకే విషయం. టెన్షన్ తప్ప ఏమీ లేదు.)*

ఏడాదిలో కొత్త విషయం ఎన్నిసార్లు తెలిసింది బాబూ? తెలియలేదు కదా. అయితే ఫ్రాంక్లిన్ లెక్క ప్రకారం నీ గడువు ఎప్పుడో దాటిపోయింది. (నవ్వులు) నవ్వులాట కాదు, నీకు పనికొచ్చేది ఒకటి చెప్తాను. స్టీవెన్ లెవిట్ అనే ఆర్థికవేత్త ఒక వెబ్‌సైట్ పెట్టి, ఎటూ తేల్చుకోలేనివాళ్ళని నాణెం ఎగరెయ్యమన్నాడు. ఉద్యోగం మానెయ్యాలా, బంధం తెంచుకోవాలా, ఇలాంటి పెద్ద ప్రశ్నలు కూడా వచ్చాయి. 20,000కి పైగా నాణేలు ఎగిరాయి. ఆరు నెలల తర్వాత అడిగితే, పెద్ద విషయాల్లో మార్పు చేసుకున్నవాళ్ళు చేసుకోనివాళ్ళకన్నా సంతోషంగా ఉన్నామన్నారు. జాగ్రత్త, ఇది అందరికీ వర్తించదు. నాణెం ఎగరేసేదాకా వచ్చారంటే వాళ్ళు అప్పటికే సగం బయటికి వచ్చేసినవాళ్ళు. నువ్వూ ఏడాదిగా అక్కడే ఉన్నట్టున్నావు. ఇంకోటి. తామస్ గిలోవిచ్, విక్టోరియా మెడ్వెక్ అనేవాళ్ళు 1990లలో చూపించినదాని ప్రకారం, అప్పటికప్పుడైతే మనుషులు చేసినదానికి ఎక్కువ బాధపడతారు, జీవితం మొత్తం వెనక్కి తిరిగి చూసుకుంటే చెయ్యనిదానికి ఎక్కువ బాధపడతారు. ఎందుకంటే చేసిన తప్పుని ఎంతో కొంత సరిదిద్దుకుంటాం, దాంట్లోంచి ఏదో నేర్చుకున్నాం అని సర్దిచెప్పుకుంటాం. చెయ్యనిదానికి హద్దు ఉండదు, ఊహలో అది ఎంత బాగానైనా జరిగి ఉండొచ్చు. నీ విషయం ఏమిటో నేనడగను. ఈ ఆదివారం కాగితం తీసుకుని కూర్చో, వచ్చే ఆదివారానికి తేల్చెయ్.

*(ఒక మహిళ: నా నిర్ణయం వల్ల నేను కాదు, మా తమ్ముడు నష్టపోయాడు. నేను అప్పట్లో తెలిసినంతలో సరిగ్గానే చేశాను. అయినా నాకు ప్రశాంతంగా ఉండే హక్కు ఉందా అనిపిస్తుంది.)*

మంచి ప్రశ్న అమ్మా. నేను ఇంతసేపూ చెప్పినదానికి హద్దు ఇదే. 'అప్పుడు నాకు తెలిసినంతలో సరిగ్గానే చేశాను' అనే మాట మీకూ మీకూ మధ్య జరిగే విచారణకి సరిపోతుంది. మీ తమ్ముడి నష్టం మాత్రం ఆ మాటతో పూడదు. అతనికి మీ తీర్పుతో పనిలేదు, పోయిందాంతో పని. నిర్ణయం తప్పు కాకపోయినా బాకీ ఉండొచ్చు. అతనితో మీరు దీని గురించి నేరుగా మాట్లాడారా?

*(మహిళ: లేదండీ. ఎలా మొదలుపెట్టాలో తెలియక.)*

మొదలుపెట్టండి. నా వల్ల నీకు ఇది పోయింది, నాకు తెలుసు అని చెప్పండి. చెయ్యగలిగింది ఏదైనా ఉంటే చెయ్యండి. ఇందాక చెప్పానే, అర పేజీ రాసి పెట్టుకోమని, అది మాత్రం పట్టుకెళ్ళకండి. మీ కారణాలు అతను అడిగితేనే చెప్పండి, అడక్కపోతే వద్దు. అడగని కారణాలు వినేవాళ్ళకి సంజాయిషీలాగే ఉంటాయి. అతను కోప్పడొచ్చు, మాట్లాడకపోవచ్చు. అప్పుడు మళ్ళీ మీరు ఇంటికొచ్చి, అసలు వెళ్ళకుండా ఉండాల్సింది అని మొదలుపెట్టకండి. (నవ్వులు)

టైమ్ అయిపోయిందని సైగ చేస్తున్నారు. ఇంకా అడగాలనుకున్నవాళ్ళు ఉంటే నేను బయట కాసేపు ఉంటాను. నమస్కారం.